ఆ రాయి ముక్క నీ దగ్గరే ఉందా?

ఒరేయ్ సత్తీ,

నీ రెండు ఉత్తరాలకీ జవాబు రాయలేదు, తిట్టుకునే ఉంటావు. క్షమించరా. నాన్నకి కంటి ఆపరేషన్ అయింది, బాగానే ఉన్నారు. చిన్నాడు ఏడో తరగతికొచ్చాడు. మిగతావి తర్వాత.

మొన్న ఆదివారం బొర్రా గుహలకి వెళ్లొచ్చాం. కిరండూల్ పాసింజర్లోనే. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు అరుస్తుంటే నీ పదమూడో అరటిపండు గుర్తొచ్చి ఒక్కణ్ణే నవ్వుకున్నాను. సరే, అది కాదు చెప్పాలనుకున్నది.

లోపల మా మేనకోడలు, జియాలజీ చదువుతోందిగా, ఒక మూల ఆపి "పైకి చూడు మావయ్యా" అంది. కప్పు నుంచి కూల్‌డ్రింక్ స్ట్రా అంత తెల్లటి రాతి గొట్టం. దాని కొసన ఒక నీటి చుక్క. ఉబ్బుతోంది, వణుకుతోంది, ఎంతకీ పడదే! లెక్కపెట్టాను. 62 దగ్గర టప్పున పడింది. వెంటనే ఇంకోటి ఊరడం మొదలు.

వాననీరు మట్టిలోంచి దిగుతూ కార్బన్ డయాక్సైడ్ కలుపుకుంటుందట. దాంతో సున్నపురాయిని కరిగించుకుంటూ వస్తుంది. గుహలోకి రాగానే, గోళీసోడా కొడితే గ్యాస్ పోయినట్టు, ఆ కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోతుంది. ఇక కరిగిన రాయిని నీరు మోయలేదు. చుక్క అంచు చుట్టూ కంటికి ఆనని ఉంగరంలా వదిలేస్తుంది. ఉంగరం కింద ఉంగరం, అందుకే లోపల బోలు. నీరు ఆరిపోతే మిగిలేదేమో అనుకునేవాణ్ణి ఇన్నాళ్లూ. ఆ చెమ్మలో ఆరేదెక్కడ! కింద పడి చిందిన చుక్క నేల మీద ఇంకోదాన్ని పెంచుతుంది, మొద్దు తలతో. మనం దణ్ణం పెట్టుకున్న లింగం కూడా అలా లేచిందే.

ఏడాదికెంత పెరుగుతుందని అడిగాను. మామూలుగా మిల్లీమీటరులో పదో వంతు, ఒక్కోచోట అంతకూడా ఉండదంది.

నా గుండె ఝల్లుమంది సత్తీ. టెన్త్ ఎక్స్‌కర్షన్‌లో నీ భుజాలెక్కి నేను విరిచింది, నీ జామెట్రీ బాక్స్‌లో వృత్తలేఖిని తీసేసి మరీ దాచుకున్నది, 8 సెంటీమీటర్లైనా ఉంటుంది కదరా. అంటే 800 ఏళ్లు. ఓరుగల్లులో కాకతీయులు ఏలుతున్నప్పుడు మొదలైంది! ఆ టక్కుమన్న చప్పుడు ఇప్పటికీ వినిపిస్తోంది నాకు.

పిల్లకి చెప్పలేకపోయాను. చేతి జిడ్డు అంటినా అక్కడ పెరగడం ఆగిపోవచ్చు, ముట్టుకోకండని అందరికీ చెప్తోంది పాపం, ఇంకేం చెప్పను?

మనం విరిచిన చోటు వెతికాను. దొరకలేదు. కొసన చుక్క ఉందో లేదో చూద్దామని. నీరు అదే దారిన వస్తుంటే మళ్లీ మొదలై ఉంటుందట. ఈ 30 ఏళ్లకి 3 మిల్లీమీటర్లు.

ఆ ముక్క మీ అమ్మగారి ట్రంకుపెట్టెలోనే ఉందా? ఉంటే పారెయ్యకు. నేను వచ్చినప్పుడు ఇద్దరం కలిసి దాన్ని...

డ్యూటీ బస్సు హారన్ కొడుతున్నాడు. ముందు పెట్టె వెతికి జవాబు రాయి.

నీ
రాంబాబు