మన మిడ్‌వైఫ్‌ల సంఘం: ఈ ఏడాది ఏం చేశాం, ఏం కాలేదు

అక్కలకి చెల్లెళ్లకి అందరికీ నమస్తే. రిపోర్ట్ ఈసారి కూడా లేటే, వరసగా నైట్ డ్యూటీలు పడ్డాయి, తిట్టుకోకండి.

ఏడాదంతా మన మీటింగుల్లో నడిచిన పంచాయితీ ఒక్కటే, డ్యూటీ రోస్టర్. 2017లో కరీంనగర్‌లో మిడ్‌వైఫ్ ట్రైనింగ్ మొదటి బ్యాచ్ మొదలైనప్పుడు ఏమనుకున్నాం, ఏడాదిన్నర ట్రైనింగ్ అయితే నార్మల్ డెలివరీలు మనమే చూస్కుంటాం, ఏదైనా తేడా వస్తేనే డాక్టర్ గారిని పిలుస్తాం అని. 2018 డిసెంబర్‌లో కేంద్రం ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో కూడా ఉన్నది అదే. కానీ రోస్టర్ వేసేవాళ్లకి మనం ఇప్పటికీ స్టాఫ్ నర్సులమే, వేరే వార్డులో ఎవరు లీవ్ పెట్టినా ముందు లేబర్ రూమ్ నుంచే లాగుతారు.

నా సంగతే చెప్తా. ఒక రాత్రి తొలి కాన్పు అమ్మాయి, గర్భాశయ ముఖం ఆరు సెంటీమీటర్లు ఓపెన్ అయింది, నొప్పులు తట్టుకోడానికి వాడే పెద్ద గాలి బాల్ మీద కూర్చోబెట్టి నడుం రుద్దుతున్నా. ఫోనొచ్చింది, సిస్టర్ క్యాజువాల్టీకి రండి, ఇక్కడెవరూ లేరని. వెళ్లి గంటన్నరకి తిరిగొచ్చేసరికి బాల్ మూలకి పోయింది, అమ్మాయి వెల్లకిలా పడుకుని ఉంది, చేతికి డ్రిప్పు. బిడ్డ బాగానే పుట్టాడు గానీ పార్టోగ్రాఫ్‌లో, అంటే కాన్పు ఎలా సాగుతోందో ఎప్పటికప్పుడు రాసే చార్ట్‌లో, మూడు గడులు ఖాళీ, పొద్దున రౌండ్స్‌లో దానికి సంజాయిషీ మాత్రం నన్నే అడిగారు.

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్ఎఫ్‌హెచ్ఎస్-5) ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్లే, ప్రైవేటులో అయితే 81.5. అందరూ ముహూర్తాల పిచ్చి అంటారు, అదీ ఉంది, కాదనను. కానీ ఆపరేషన్ గంటలో అయిపోద్ది, నార్మల్ కావాలంటే పది పన్నెండు గంటలు పక్కన ఒక మనిషి కూర్చోవాలి, ఆ మనిషినే క్యాజువాల్టీకి పంపిస్తే ఇంకెక్కడి నార్మలు.

ఇక చేసిన పనులు. లేబర్ రూమ్ నుంచి మార్చొద్దని, మిడ్‌వైఫ్‌లకి స్టాఫ్ నర్సులతో కలపకుండా వేరే కేడర్ కావాలని వినతిపత్రం ఇచ్చాం, పరిశీలిస్తాం అన్నారు, అంతే. మే 5న మిడ్‌వైఫ్‌ల దినోత్సవం రోజు కేక్ కట్ చేసి ఊరుకోకుండా బొమ్మ మీద భుజం ఇరుక్కున్న కాన్పు ప్రాక్టీస్ చేశాం, సీనియర్ అక్కలు కూడా చేతులు తడబడ్డాయని ఒప్పుకున్నారు, ఇది మూడు నెలలకోసారైనా పెట్టాలి. కాంట్రాక్ట్ చెల్లెళ్ల జీతాలు లేటవుతున్న విషయం కూడా అడిగాం, ఇంకా తేలలేదు. లెక్కలు ట్రెజరర్ అక్క దగ్గరున్నాయి, ఎవరైనా చూడొచ్చు.

వచ్చే మీటింగ్‌కి వచ్చేటప్పుడు మీ మూడు నెలల రోస్టర్ ఫోటో తీస్కురండి, లేబర్ రూమ్ బయట చేసిన డ్యూటీలన్నిటికీ ఎర్ర పెన్నుతో గీత గీసి. ఈసారి వినతిపత్రానికి అవే జత చేద్దాం.