చిన్న కారుకు ట్రాలీ కట్టే అవసరం రానివ్వకండి: రవాణా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారం. హనుమకొండలో చిన్న కార్లు రిపేరు చేసే షెడ్డు నాది. ఎక్కువగా 800 సీసీ బండ్లే వస్తాయి, అవీ చాలావరకు సెకండ్ హ్యాండ్‌వి. ఈ మధ్య అలాంటి కార్లకు వెనక బంపర్ కింద హుక్కు వెల్డింగ్ చేయించుకుని ట్రాలీ లాగుతున్నవాళ్లు కనిపిస్తున్నారు. టిఫిన్ బండి, టెంట్ హౌస్ సామాను, జనరేటర్, సీజన్‌లో అయితే ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు. వద్దని చెబితే "మంచిగనే లాగుతుంది కదన్నా, ఏమైతది?" అంటారు. లాగుతుంది, నిజమే. ఆపాల్సి వచ్చినప్పుడే అసలు ప్రమాదం.

ఆల్టో 800నే తీసుకోండి. ఇంజన్ 796 సీసీ, సుమారు 48 హార్స్‌పవర్. టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం, 69 న్యూటన్ మీటర్లు, అదీ ఇంజన్ నిమిషానికి 3,500 చుట్లు తిరిగినప్పుడు. బండి ఖాళీ బరువు ఏడు వందల కిలోల పైచిలుకు. నలుగురు మనుషులకూ కొద్దిపాటి సామానుకూ సరిపోయేలా చేసిన బండి అది. మిర్చి బస్తా 40 కిలోలు అనుకున్నా పది బస్తాలు 400 కిలోలు. ఇనుప ట్రాలీకి ఇంకో 150 వేసుకోండి. కారు బరువులో ముప్పావు వంతు వెనక తగిలించినట్టే.

కాజీపేట బ్రిడ్జి ఎక్కేటప్పుడు ట్రాఫిక్‌లో ఆగి ఆగి కదలాలంటే హాఫ్ క్లచ్‌లో ఇంజన్‌ను రేజ్ చేయాల్సిందే. క్లచ్ ప్లేటు కాలిపోతుంది, ఇంజన్ వేడెక్కుతుంది. ఆ నష్టం డబ్బుతో పోతుంది. నాకు టెన్షన్ బ్రిడ్జి దిగేటప్పుడే. ఈ ట్రాలీలకు సొంత బ్రేకులు ఉండవు. కారు బ్రేకులే రెండు బరువులనూ ఆపాలి, వెనకనుంచి ట్రాలీ నెడుతూనే ఉంటుంది. వేగం రెట్టింపైతే ఆపాల్సిన శక్తి నాలుగు రెట్లవుతుంది. పైగా ఈ కార్లకు ఇంజన్ తిప్పేదీ ముందు చక్రాలనే, స్టీరింగ్ తిప్పేదీ వాటినే, బ్రేకు ఎక్కువగా పట్టేదీ అక్కడే. హుక్కు మీద బరువు పడి వెనక భాగం కుంగితే ముందు చక్రాలు తేలికైపోయి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. అలాగని బస్తాలన్నీ ట్రాలీ వెనక్కి సర్దితే అది అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. వర్షంలో ములుగు రోడ్డు మీద ఆ ఊపు వచ్చిందంటే కారును కూడా పక్కకు లాగేస్తుంది. కంగారుగా బ్రేకు తొక్కితే ఇంకా ఎక్కువవుతుంది.

హుక్కు సంగతి కూడా చెప్పాలి. లారీకి కింద బలమైన చాసిస్, అంటే ఇనుప చట్రం, ఉంటుంది. చిన్న కారుకు విడిగా చాసిస్ ఉండదు, బాడీయే అన్ని బరువులూ మోస్తుంది. ఆ పల్చని రేకుకు వెల్డింగ్ చేసిన హుక్కు గుంతల రోడ్డు మీద ఎంతకాలం ఉంటుందో నేను హామీ ఇవ్వలేను, ఇచ్చేవాళ్లను నమ్మలేను.

విదేశాల్లో చిన్న కార్లు కూడా ట్రాలీలు లాగుతాయి కదా అని కొందరు అడుగుతారు. అక్కడ ఏ మోడల్ ఎంత లాగొచ్చో కంపెనీయే రాసిస్తుంది. బ్రిటన్‌లో బ్రేకులు లేని ట్రాలీ బరువు, సామానుతో కలిపి, కారు బరువులో సగం మించకూడదు. కారు ఎంత పెద్దదైనా 750 కిలోలు దాటకూడదు. ఆ లెక్కన చూసినా మన పది బస్తాల ట్రాలీ ఆల్టోకు ఎక్కువే.

మన దగ్గర చట్టం లేదని కాదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు కూడా పడొచ్చు. కానీ సొంత కారును కొన్న 15 ఏళ్లకు, రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు తెచ్చినప్పుడే ఆర్టీఓ ఆఫీసులో మళ్లీ పరీక్షిస్తారు. అప్పటిదాకా వెనక హుక్కు ఉందో లేదో చూసేదెవరు?

అయ్యా, రేపటి నుంచి రోడ్డు మీద ఆపి చలాన్లు రాయమని కాదు నేను అడిగేది. టిఫిన్ బండి నడిపే ఆమెకో, ఎకరం మిర్చి వేసిన రైతుకో ఐదు వేలు చిన్న మొత్తం కాదు. ట్రాలీ ఆటో కిరాయి భరించలేకే వాళ్లు ఈ పని చేస్తున్నారు. ముందు హుక్కులు వెల్డింగ్ చేసేవాళ్లనూ, రిజిస్ట్రేషన్ లేని ట్రాలీలు తయారుచేసి అమ్మేవాళ్లనూ పిలిచి చెప్పండి, వినకపోతే అక్కడ చర్యలు తీసుకోండి. కారు ట్రాలీ లాగొచ్చా, లాగితే ఎన్ని కిలోలు అన్నది ఆర్సీ మీదే తెలుగులో ఉండేలా కేంద్రాన్ని అడగండి. మార్కెటింగ్ శాఖతో మాట్లాడి, మిర్చి వచ్చే నెలల్లో ఊళ్ల నుంచి ఎనుమాములకు నలుగురైదుగురు రైతులు కలిసి పంపుకునేలా తక్కువ కిరాయికి గూడ్స్ బండ్లు పెట్టించండి.

చెడిపోయిన కారును తాడు కట్టి ఇంకో చిన్న కారుతో లాగడం గురించి కూడా వినండి. మేడారం జాతరప్పుడు ఇది మరీ ఎక్కువ. రెండు బండ్ల మధ్య ఖాళీ 5 మీటర్లు మించకూడదనీ, వేగం గంటకు పాతిక కిలోమీటర్లు దాటకూడదనీ, వెనక బండి స్టీరింగ్ పట్టేవాళ్లకు లైసెన్సు ఉండాలనీ నిబంధనలున్నాయి. ఎవరికి తెలుసు? ఇంజన్ ఆగిన బండిలో బ్రేకు పెడల్ రాయిలా గట్టిపడుతుందనీ, పవర్ స్టీరింగ్ పనిచేయదనీ, తాళం చెవి తీసేస్తే స్టీరింగ్ లాక్ అయిపోతుందనీ చెప్పేవాళ్లు లేరు. జాతీయ రహదారి మీద అయితే హెల్ప్‌లైన్ 1033కు ఫోన్ చేయొచ్చు. తాడ్వాయి దగ్గర మేడారం వైపు తిరిగాక ఎవరికి చేయాలి? ఆ రోడ్డు మీద జాతర రోజుల్లో రేటు బోర్డు పెట్టిన క్రేన్లు ఉంచండి, ఆ క్రేన్ల ఫోన్ నంబర్ ప్రతి పార్కింగ్ దగ్గరా రాయించండి.

మిర్చి జనవరి నుంచే మార్కెట్‌కు రావడం మొదలవుతుంది. వెల్డింగ్ షాపుల వాళ్లతో, ట్రాలీలు చేసేవాళ్లతో వరంగల్ ఆటోనగర్‌లో అంతకుముందే ఒక సమావేశం పెట్టించండి. ఏ బండికి ఏది ఎందుకు కట్టకూడదో పార్టులు చేతిలో పట్టుకుని చూపించడానికి నేను వస్తాను.

ఇట్లు,
హనుమకొండ నుంచి ఒక కారు మెకానిక్