టర్కీ కోడి పిల్లల్ని తెచ్చేముందు ఇది చదువమ్మా

టెక్సాస్,
సెప్టెంబరు 14

అమ్మకి,

ఇక్కడ మేమంతా బాగున్నాం. నెమలి బతికిందని ఫోన్లో చెప్పాను గానీ, మిగతాది నువ్వు తీరిగ్గా చదువుకోవాలని రాస్తున్నాను. టర్కీ పిల్లల్ని తెచ్చి కోళ్ళ దొడ్లో వదులుతానన్నావు కదా, అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్.

నెమళ్ళని పెంచితే కేసు పెట్టరా అని నాన్న మళ్ళీ అడిగాడటగా. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమే. మేముండే చోట మాత్రం కోళ్ళలాగే పెంచుకుంటారు.

ఆగస్టులో మగ నెమలి పింఛం రాలుస్తుంది. కాస్త నీరసంగా కనిపిస్తే అందుకేలే అనుకున్నాను. పొరపాటు నాదే. నెమలి జబ్బుని దాచుకుంటుంది, మన కంట పడేసరికి బాగా ముదిరిపోతుంది. ఒక సాయంత్రం అది ఓక్ చెట్టెక్కలేదు. రెక్కలు వాల్చేసి మొదట్లోనే నిలబడిపోయింది. తెల్లారి చూస్తే అక్కడ రెట్ట గంధకం రంగులో ఉంది. సంతలో కోడిని బేరమాడేముందు నువ్వు రొమ్ము తడిమి చూసేదానివి కదా, అలాగే తడిమాను. ఈకల కింద కండే లేదమ్మా. ఎముక కత్తి అంచులా చేతికి తగిలింది. ఏడుపొచ్చేసింది.

రెట్ట కవర్లో వేసుకుని, నెమలిని తీసుకుని పక్షుల డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాను. బ్లాక్‌హెడ్ అంది. పేగునీ కాలేయాన్నీ తినేసే జబ్బు. మనకి జిగట విరేచనాలకి రాసే మెట్రోనిడజోలే దీనికీ ఇచ్చింది, పక్షిని తూకం వేసి మోతాదు చెప్పింది. కడుపులో పురుగులకి ఫెన్‌బెండజోల్ వేరే. తువ్వాలుతో తల కప్పేస్తే చీకటికి కదలకుండా ఉంటుంది. ముక్కు తెరిచి మాత్రని నాలుక వెనక్కి పెట్టేదాన్ని. నాలుక మొదట్లోనే గాలి గొట్టం ఉంటుంది, నీళ్ళ మందు అందులోకి పోతే ప్రాణానికే ముప్పు. మూడో రోజు నా అరచేతిలో గింజలు పొడిచింది. ఆరో రోజు చెట్టెక్కింది.

ఇంతకీ ఆ జబ్బు వచ్చింది మా కోళ్ళ నుంచే. చూడ్డానికి అవి నిక్షేపంగా ఉన్నాయి. కోడి పేగులో ఉండే సన్న పురుగు గుడ్లలో ఈ జబ్బు తెచ్చే క్రిమి దాక్కుంటుంది. ఆ గుడ్లు రెట్టతో పడి మట్టిలో ఏళ్ళ తరబడి ఉంటాయి. వానపాములు ఆ మట్టి తింటాయి, వానపాముల్ని నెమళ్ళు తింటాయి. ఇప్పుడు కోళ్ళని దూరంగా వేరే కంచెలోకి మార్చేశాను.

టర్కీలకి ఈ జబ్బు సోకితే మందకి మందే పోవచ్చు. అందుకే వాటిని కోళ్ళు తిరిగిన నేల మీద వదలకు. ఆ నేల ఖాళీగా ఉన్నా సరే. బావి అవతల పాత కొట్టం ఉందిగా, అది చాలు. మేత పళ్ళేలు, నీళ్ళ తొట్లు వేరే పెట్టు. కోళ్ళ దొడ్లో తిరిగిన చెప్పులతో లోపలికి వెళ్ళకు. పొద్దున్నే రెట్ట చూడు. పసుపు రంగు కనిపిస్తే నా ఫోన్ కోసం ఆగకుండా పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళు.

కొట్టానికి గచ్చు వేయించడానికి డబ్బులు పంపుతున్నాను. అది పూర్తిగా ఆరాకే పిల్లల్ని తీసుకురా.

నీ పెద్దమ్మాయి