సఫేద్‌కు గంట సరిపోదు

సంపాదకుల వారికి నమస్కారం.

ఇజ్రాయెల్ యాత్రకు వెళ్లే మనవాళ్లకు ఒక మాట చెప్పాలని రాస్తున్నాను. గలిలయలోని కొండపట్టణం సఫేద్‌లో మా టూర్ వాళ్లు శనివారం దింపి, గంటలో బస్సెక్కమన్నారు. అది యూదుల విశ్రాంతి దినం. చిత్రకారుల పేటలో నేను వెళ్లిన ప్రతి గ్యాలరీకీ తాళమే. నలభై ఏళ్లు డ్రాయింగ్ నేర్పినదాన్ని, ప్రాణం ఉసూరుమంది. ఫోన్ తీయగానే ఒక పెద్దాయన వద్దన్నట్టు చెయ్యి ఊపారు. ఆ రోజు ఫొటోలు వాళ్లకు నిషిద్ధం. వెంటనే లోపల పెట్టేశాను.

అయినా ఆ మెట్ల సందులు మరిచిపోలేను. తలుపులకు ఆకాశపు నీలం. ఒకచోట రంగు పెచ్చులూడితే, లోపల మరో పొర, అదీ నీలమే. కబ్బాలా అనే యూదు మార్మిక చింతనకు కొత్త రూపమిచ్చిన ఐజాక్ లూరియా ఆ ఊళ్లో ఉన్నది రెండేళ్లే. 1572లో అక్కడే కన్నుమూశారు. 1837 భూకంపంలో ఊరు చాలావరకు కూలింది. చిత్రకారుల పేట 1948 దాకా అరబ్బుల నివాసం. ఈ సంగతి మా గైడ్ చెప్పలేదు, చెప్పి ఉండాల్సింది.

బుకింగ్‌కు ముందే అడగండి: ఆదివారం నుంచి గురువారం లోపు, కనీసం ఒక పూట కావాలని. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు చేతికర్ర తీసుకెళ్లండి.

– ఒక రిటైర్డ్ డ్రాయింగ్ టీచర్