వార్షిక నివేదిక 2024-25

సభ్యులందరికీ నమస్కారం.

పారేసే గుడ్డలు, ప్లాస్టిక్ కవర్లతో బొమ్మలు కుట్టే మన సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు మళ్లీ చెప్పక్కర్లేదు. నేరుగా పనిలోకి వస్తాను.

ఈ ఏడాది చెప్పుకోదగ్గది మన బ్యారేజీ పరదా. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మన విజయవాడలో సింగ్‌నగర్ మునిగింది గదా, నీళ్లు తీశాక ఏ వీధిలో చూసినా బురద పట్టిన చీరల కుప్పలే. వాటిలో నూలు చీరలు ఏరి, వేడినీళ్లలో నానబెట్టి ఉతికాం. మరకలు పూర్తిగా పోలేదు, అదే మంచిదైంది. ఆ మట్టిరంగునే వరద నీరుగా ఉంచి, పైన ప్రకాశం బ్యారేజీని పాల ప్యాకెట్లతో కుట్టాం. 70 గేట్లూ ఉన్నాయి, కావాలంటే లెక్కపెట్టుకోండి. పడవలు కొట్టుకొచ్చి గుద్దిన చోట ఎర్రదారం కుట్లు వేయాలన్న ఆలోచన మన బొంతల పిన్నిగారిది. దసరాకి గుడికొచ్చిన వాళ్లు కూడా ముందు ఆ ఎర్ర కుట్ల దగ్గరే ఆగారు.

కొత్తగా చేరినవాళ్లకు ఒక మాట. పాల ప్యాకెట్లు సబ్బునీళ్లతో కడిగి, నీడన ఆరబెట్టి తేవాలి. వాసన వస్తే తీసుకోం. నాలుగు పొరలు పేర్చి, కిందా పైనా బటర్ పేపర్ వేసి, పొరలు ఒకదానికొకటి అతుక్కునేలా ఇస్త్రీపెట్టె తక్కువ వేడి మీద నడపాలి. వేడి ఎక్కువైతే ముడుచుకుపోయి చిల్లులు పడతాయి. కిటికీలు తెరిచే ఉంచండి. మిషన్ మీద కుట్టు పొడుగ్గా పెట్టాలి, దగ్గర కుట్లయితే ఆ చిల్లుల వెంటే ప్లాస్టిక్ చిరిగిపోతుంది. చిప్స్ ప్యాకెట్లు సరిగ్గా అతుక్కోవు, వాటిని పీలికలు చేసి అల్లికకే వాడుతున్నాం.

కటింగ్ ముక్కలు సంచులకొద్దీ ఇచ్చిన వన్‌టౌన్ టైలర్ అన్నలకు, మిషన్లు అరువిచ్చిన కాలనీ అక్కచెల్లెళ్లకు, వేళకు టీలు పంపిన ఇళ్లవాళ్లకు పేరుపేరునా కృతజ్ఞతలు. హాలు ఇప్పిస్తామన్న అధికారులు మాత్రం ఫైలు కదులుతోందనే చెబుతున్నారు. మనం ఇంకా మేడ మీద షెడ్డులోనే ఉన్నాం. వాట్సాప్‌లో చేతులెత్తిన వాలంటీర్లలో సగం మందిని ఫొటోల రోజే చూశాను. ఎవరో వాళ్లకే తెలుసు.

జమాఖర్చులు కోశాధికారి చదువుతారు. బాకీలు లేవు, మిగులూ పెద్దగా లేదు.

వచ్చే సంక్రాంతికి బొమ్మల కొలువు మెట్లకు పరిచే గుడ్డలు కుట్టాలని కమిటీ అనుకుంది. ఆదివారాలు ఎవరెవరు రాగలరో ఇవాళే పేర్లివ్వండి. చందా కట్టనివాళ్లు కోశాధికారిని కలిసే వెళ్లండి.

ఇట్లు,
కార్యదర్శి, విజయవాడ