కొండ మీద వ్యూ ఒక్కటే కాదు, కాళ్ల కింద బండ కూడా ఉంది

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య మీ ఆదివారం సంచికలో బెంగళూరు చుట్టుపక్కల ఒక్కరోజులో వెళ్లి రాగలిగిన కొండల గురించి రాశారు. నంది, సావనదుర్గ, రామనగర... దారి, టిఫిన్ దొరికే చోటు, సూర్యోదయానికి ఎక్కడ నిలబడాలి, అన్నీ ఉన్నాయి. ఆ కొండ ఏ రాయితో అయిందో మాత్రం ఒక్క ముక్క లేదు. ఆ రెండు వాక్యాలూ చేర్చమని అడగడానికే ఈ ఉత్తరం.

మాది కుప్పం దగ్గర పల్లె. జిగణిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో బ్లాకులు కోసే చోట సూపర్‌వైజర్‌గా చేసి రిటైరయ్యాను. రంగు, పగులు, చదరపు అడుగు రేటు తప్ప రాయి గురించి ఇంకేమీ అడగని వాళ్ల మధ్య బతికాను. ఇప్పుడు ఆదివారాలు మనవరాలినీ, మా వీధి పిల్లల్నీ వెంటబెట్టుకుని, అదే రాయిని అది ఉన్నచోటే చూపిస్తూ తిరుగుతున్నాను.

ముందుగా లాల్‌బాగ్‌కే తీసుకెళ్తాను. కెంపేగౌడ గోపురం ఉన్న బండ మీద ఫొటోలు దిగని కుటుంబం ఉండదు. దాన్ని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ప్రకటించిందని ఎంతమందికి తెలుసు? ఆ రాయి పెనిన్సులర్ నైస్. నైస్ అంటే వేడికి, ఒత్తిడికి మారిపోయిన చారల రాయి. మైసూరు సంస్థానంలో జియాలజిస్టుగా పనిచేసిన స్మీత్ 1916లో పెట్టిన పేరది. వయసు దాదాపు 300 కోట్ల సంవత్సరాలు. హిమాలయాలు లేవడం మొదలై సుమారు 5 కోట్ల ఏళ్లే.

పొడిగా ఉన్నప్పుడు బండ ఉత్త బూడిదరంగులో ఉంటుంది. బాటిల్లోంచి కాసిని నీళ్లు పోయించండి. తెల్ల చార, నల్ల చార, మళ్లీ తెల్ల చార తేలతాయి. తెల్లదాంట్లో ఉన్నవి పలుగురాయి, ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం. నల్లదాంట్లో తళుక్కుమనే సన్నటి రేకులు నల్ల అభ్రకం, మన కాకిబంగారం జాతిదే. వేలు పెట్టి ఒక చార వెంబడి పొమ్మంటే పిల్లలు జానెడు దూరం తిన్నగా పోతారు, అక్కడ చార మెలికపడి వెనక్కి తిరుగుతుంది. ఇంత గట్టి రాయి అలా మడతపడాలంటే ఎన్నో కిలోమీటర్ల లోతున వేడికి మెత్తబడి, ఒత్తిడికి నలగాలి. "మరి పైనున్నదంతా ఎక్కడికి పోయింది తాతా?" అని మనవరాలు అడిగింది. ఇసుకై, మన్నై, నదుల్లో పడి సముద్రానికి పోయిందమ్మా అన్నాను. పిల్ల చాలాసేపు ఆ బండ మీద నుంచి కదల్లేదు.

మైసూరు రోడ్డులో రామనగర చేరేసరికి రాయి మారిపోతుంది. చారల బదులు బొటనవేలంత గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్ పలుకులు కనిపిస్తాయి. ఇది క్లోజ్‌పేట గ్రానైట్. క్లోజ్‌పేట అన్నది ఇంగ్లిషువాళ్ల కాలంలో రామనగరకు ఉన్న పేరు. సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట కరిగిన రాయి అడుగు నుంచి నైస్‌లోకి చొచ్చుకొచ్చి చల్లారితే ఏర్పడింది. ఉత్తరంగా పావగడ మీదుగా ఇంకా పైకి, మొత్తం 400 కిలోమీటర్ల దాకా సాగుతుంది. అక్కడ గుండు మీద గుండు ఎవరో పేర్చినట్టుంటుంది కదా! పేర్చింది నీళ్లే. గ్రానైట్‌లో అడ్డంగా, నిలువుగా పగుళ్లుంటాయి. భూమిలో ఉండగానే ఆ పగుళ్లలోకి నీరు దిగి, మూలలు ముందు కుళ్లి గరుసైపోతాయి. తర్వాత ఆ గరుసు కొట్టుకుపోతే గుండ్రటి గుండ్లు మిగులుతాయి.

1226 మీటర్ల సావనదుర్గ తీరు వేరు. పైబరువు తగ్గేకొద్దీ రాయి ఉబికి ఉల్లిపాయ పొరల్లా విడిపోవడం వల్ల దాని వీపు అంత నున్నగా ఉంటుంది. రాళ్లు కొట్టే మనవాళ్లకు ఈ గుట్టు ఏనాడో తెలుసు. బండ మీద మంట పరిచి, మెల్లగా జరుపుతూ, సుత్తితో తట్టి వింటారు. డొల్ల శబ్దం వస్తే పొర లేచినట్టు. పల్లెల్లో పొలం గట్ల మీద పాతిన రాతి కూసాలు అలా వచ్చినవే. ఆ పనితనం గురించి కూడా ఎవరైనా రాయాలి.

ఇక నంది. మంచు చూడటానికి తెల్లవారుజామునే కార్లలో బారులు తీరే మన తెలుగువాళ్లు, పెన్న పుట్టింది ఆ కొండల వరసలోనే అని పిల్లలకు చెబుతున్నారా? అక్కడి నీళ్లే అనంతపురం జిల్లా దాటి, కడప జిల్లాలో గండికోట దగ్గర రాతిని కోసుకుని, నెల్లూరు దాటి సముద్రంలో కలుస్తాయి. అర్కావతి కూడా ఆ చుట్టుపక్కలే పుట్టి దక్షిణానికి దిగి కావేరిలో చేరుతుంది. ఇవి చూపించకుండా సెల్ఫీ తీసుకుని దిగొచ్చేస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఇంకో బాధ. మా ఇంటి దగ్గర కొత్త లేఅవుట్‌లో పిల్లలు చారలు చూడటం నేర్చుకున్న బండ ఒకటుండేది. పార్కు చదును చేస్తామని దాన్ని పగలగొట్టి, గడ్డి పరిచి, సిమెంటుతో చేసిన దొంగ గుండు ఒకటి పెట్టారు. లేఅవుట్లు వేసేవారు ఒక్క బండనైనా ఉన్నది ఉన్నట్టు వదిలితే పిల్లలకు అంతకన్నా మంచి ఆటస్థలం ఉండదు. కొండల మీద పెయింటుతో పేర్లు రాసేవాళ్లను ఆపే పని అటవీ శాఖది మాత్రమే కాదు, పక్కనున్న మనది కూడా.

ప్రతి విహారయాత్ర వ్యాసం చివర "ఇక్కడి రాయి" అని ఒక చిన్న పెట్టె వేయండి చాలు. మీ విలేకరి వస్తానంటే జిగణి దగ్గర పాత క్వారీ అంచు చూపిస్తాను. బూడిదరంగు నైస్‌ను నిలువునా చీల్చుకుని నల్లటి డోలరైట్, అంటే కరిగిన రాయి పగుళ్లలోకి ఎక్కి గట్టిపడ్డ రాయి, గోడలా లేచి ఉంటుంది. వంటింటి గట్టు మీద పరిచే నల్ల గ్రానైట్‌లో చాలావరకు ఇలాంటి రాయే. వానాకాలంలో మాత్రం వద్దు. గుంతలో నీళ్లు నిండి, అంచు జారుతుంది. డిసెంబరు, జనవరి అయితే ఎండ ఏటవాలుగా పడి చారలు బాగా కనిపిస్తాయి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
జిగణి, బెంగళూరు