బ్యాక్టీరియా రంగులు: అద్దకందారులను ముందే అడగాలి

సంపాదకుడు గారికి,

బట్టలకు రంగులద్దే బ్యాక్టీరియా గురించి ఈమధ్య వార్తలు తరచూ కనిపిస్తున్నాయి. ఊదారంగు గుడ్డముక్క ఫొటో, పక్కనే ‘పర్యావరణహితం’ అన్న మాట. ఆ పరిశోధనలు అక్కర్లేదని మేము అనడం లేదు. నూలుకు రియాక్టివ్ రంగులతో (దారానికి రసాయనికంగా అతుక్కునే రంగులతో) ముదురు ఛాయ తేవాలంటే లీటరు నీటికి 50 నుంచి 80 గ్రాముల దాకా ఉప్పు పడుతుంది. బ్యాక్టీరియాతో నడిచే శుద్ధి ప్లాంటు ఆ ఉప్పును తీసెయ్యలేదు. వేరే దారి కావాల్సిందే. మా అభ్యంతరమల్లా వరస మీద. ల్యాబులో సూక్ష్మజీవిని ఎంచుకుని, రంగు తీసి, చాలాసార్లు పేటెంటు దరఖాస్తు కూడా పెట్టేశాక అద్దకందారులను పిలిచి అభిప్రాయం అడుగుతారు. అప్పటికి మార్చడానికి ఏమీ మిగలదు.

ఏ సూక్ష్మజీవి అన్న దగ్గరే వాళ్ల మాట వినాలి. వయొలాసిన్ అనే ఊదారంగును క్రోమోబ్యాక్టీరియం వయొలేసియం ఇస్తుంది, జాంథినోబ్యాక్టీరియం లివిడమ్ కూడా ఇస్తుంది. మొదటిది మనిషికి సోకడం అరుదే కానీ, సోకితే ప్రాణం మీదికి వస్తుంది. రెండోది 25 డిగ్రీల దగ్గర బాగా పెరుగుతుంది, మామూలుగా ఒంటి వేడికి పెరగదు. వచ్చే రంగు ఒకటే అయినప్పుడు కాగులో చేతులు పెట్టేవాళ్లు దేన్ని ఒప్పుకుంటారో తెలుసుకోవద్దా? ప్రోడిజియోసిన్ అనే ఎరుపునిచ్చే సెరాటియా మార్సెసెన్స్‌ను ఒకప్పుడు హానిలేనిదనే అనుకున్నారు. ఆ నమ్మకంతోనే 1950లో అమెరికా నౌకాదళం జనానికి చెప్పకుండా శాన్‌ఫ్రాన్సిస్కో మీద దాన్ని చల్లి పరీక్ష చేసింది. ఆసుపత్రుల్లో మూత్రనాళానికీ రక్తానికీ సోకే క్రిముల్లో అది ఒకటని ఇప్పుడు అందరికీ తెలుసు.

అద్దాక బట్టలో బతికున్న కణాలు లేవని తేల్చే పరీక్షలోనూ ఒక చిక్కుంది. బట్టను 121 డిగ్రీల ఆవిరిలో 15 నుంచి 20 నిమిషాలు ఉంచి, ఆ తర్వాత ముక్క కత్తిరించి అగార్ పళ్లెంలో (బ్యాక్టీరియా పెరిగే జెల్లీ ఉన్న పళ్లెంలో) పెట్టి చూస్తారు. అలవాటు కొద్దీ ఆ పళ్లేన్ని 37 డిగ్రీల్లో పెడితే లివిడమ్ బతికున్నా పెరగదు, పళ్లెం శుభ్రంగా కనిపిస్తుంది. 25 డిగ్రీల్లో కనీసం మూడు రోజులు ఉంచాలి. ఆవిరి వేడికి ముందు కత్తిరించిన ముక్కను కూడా పక్కనే పెట్టాలి. దాని మీద ఊదా మచ్చలు రాకపోతే పరీక్షే చెల్లదు.

బ్యాక్టీరియాను బట్ట మీదే పెంచే పద్ధతి ఫొటోలకు బాగుంటుంది. మడత పడిన చోట గాలి ఆడదు, రంగు పలచబడుతుంది. గంజి సరిగా పోని చోట రంగు లోపలికి దిగదు. ఉతికితే కణాలతో పాటే రంగూ పోతుంది. రంగును ఆల్కహాల్‌తో విడదీసి అద్దితే ఛాయ సమంగా వస్తుంది. అయితే ఆ ఆల్కహాల్‌ను తిరిగి పట్టే ఏర్పాటు, నిప్పు భయం లేని గది ఉండాలి. చిన్న అద్దకం షెడ్డులో ఆ రెండూ ఎక్కడివి?

నీటి లెక్క ఎవరూ చెప్పడం లేదు కాబట్టి ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాం. కిలో బట్టకు ఒక శాతం ఛాయ అంటే 10 గ్రాముల అసలు రంగు పట్టాలి. లీటరు ద్రావణంలో అర గ్రాము రంగు తయారవుతుందనీ, అందులో సగం బట్టకు పడుతుందనీ అనుకుందాం. అప్పుడు కిలో బట్టకు 40 లీటర్ల ద్రావణం పెంచాలి. బ్యాక్టీరియాకు మేతగా ల్యాబుల్లో మామూలుగా వాడే ఎల్‌బీ ద్రావణంలో లీటరుకు 10 గ్రాముల ట్రిప్టోన్ అనే ప్రోటీన్ పొడి, 5 గ్రాముల ఈస్ట్ సారం ఉంటాయి. బ్యాక్టీరియా తినగా మిగిలిందీ, చచ్చిన కణాలూ అలాగే కాల్వలో కలిస్తే బీఓడీ (ఆ మురుగును కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు నీటిలోంచి లాగే ఆక్సిజన్ లెక్క) లీటరుకు వేల మిల్లీగ్రాముల్లో ఉంటుంది. శుద్ధి చేసిన నీటికి చాలా చోట్ల పెట్టిన హద్దు 30 దరిదాపుల్లో ఉంది. ఉప్పు బెడద తప్పినా చేపలకు ఊపిరాడదు. కాల్వ పక్కన ఉండేవాళ్లకూ, శుద్ధి ప్లాంటు నడిపేవాళ్లకూ ఈ లెక్క ముందే చూపించాలి.

సమావేశంలో ట్యూబ్‌లైటు కింద గుడ్డ చూపిస్తే అందరూ బాగుందనే అంటారు. దాన్ని ఇంటికి ఇచ్చి, వాళ్లు వాడే సబ్బుతోనే ఉతకమనాలి. ప్రోడిజియోసిన్ పులుపు తగిలితే ఎర్రగా, క్షారం తగిలితే నారింజ, పసుపు ఛాయలకు మారుతుంది. బట్టల సబ్బు క్షారమే. ఇంకో ముక్కను సగం మందపాటి అట్టతో కప్పి వారం రోజులు ఎండలో పెట్టమనాలి. ఈ రంగులకు ఎండ పెద్ద శత్రువు. రంగు వెలుతురుకు ఎంత నిలుస్తుందో కొలిచే నీలి ఉన్ని కొలబద్ద మీద 1 నుంచి 8 వరకు ఇచ్చే వెలుతురు గ్రేడు ఎంత వచ్చిందో ప్రతి ప్రకటనలోనూ అచ్చువేయాలి. గ్రేడు తక్కువైతే లోపలి గుడ్డకో, ఎండ తగలని అలంకరణకో వాడుకోవచ్చు. అది తేల్చాల్సింది కొనేవాళ్లు.

అద్దకందారులకు సూక్ష్మజీవులు కొత్త అనుకోవడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. పులియబెట్టిన నీలిమందు కాగు నడిచేదే బ్యాక్టీరియాతో. యూరప్ పాత పద్ధతి నీలి కాగులో దొరికిన బ్యాక్టీరియాకు 1999లో క్లాస్ట్రిడియం ఇసాటిడిస్ అని పేరు పెట్టారు. పైన రాగి మెరుపు తెట్టు, కింద పసుపుపచ్చని నీరు కనిపిస్తే కాగు సిద్ధమైనట్టు. కుళ్లు వాసన ముదిరితే సున్నం చాలలేదు. సున్నం మితిమీరితే పులియడం ఆగిపోతుంది, మళ్లీ తవుడు వేసి ఓపిక పట్టాలి. ల్యాబు బ్యాక్టీరియాతో నీలిమందు తయారుచేసినా, కాగులో దాన్ని కరిగించడానికి సోడియం హైడ్రోసల్ఫైట్ అనే రసాయనమే వాడితే కాల్వలోకి సల్ఫేట్లు ఎప్పటిలాగే వెళ్తాయి. ఆ మెట్టు దగ్గర కాగు పట్టినవాళ్లకు తెలిసింది ల్యాబు నేర్చుకోవాలి.

అందుకే నిధులిచ్చే సంస్థలకు మా విన్నపం. సూక్ష్మజీవి ఎంపిక కమిటీలోనే అద్దకందారులకూ, కాల్వ దిగువన ఉండేవాళ్లకూ ఓటు ఉండాలి, వాళ్లు పనిమానుకుని వచ్చిన రోజుకు కూలి ఇవ్వాలి. ఒక ఊరి మట్టిలోంచి తీసిన సూక్ష్మజీవితో లాభం వస్తే ఆ ఊరి వాటా ఎంతో ముందే రాయాలి. 2014లో అమల్లోకి వచ్చిన నగోయా అనే అంతర్జాతీయ ఒప్పందం ఉద్దేశం అదే. మొదటి ఏడాది చెడిపోయిన కాగుల నూలు, కూలి ఖర్చు ప్రాజెక్టు పద్దులోంచే చెల్లించాలి. ఇప్పుడు ఆ నష్టం ప్రయోగానికి ఒప్పుకున్న షెడ్డు యజమాని మీద పడుతోంది.

ఇట్లు,
అద్దకం పనిలో ఉన్న కొందరు పాఠకులు